స్ప్రింగ్‌లు తర్వాత, ముందు డ్యాంపర్లు: అనంతపురం రోడ్ల మీద కారు కిందికి దించే ముందు ఈ లెక్క చూడండి

ఫోన్ డబ్బా మీద 200 మెగాపిక్సెల్ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటే మనం ఇప్పుడు వెంటనే పడిపోవడం లేదు. సెన్సర్ సైజ్ ఎంత, ఓఐఎస్ ఉందా, నైట్‌లో ప్రాసెసింగ్ ఎలా ఉంది అని అడుగుతున్నాం. చిప్‌సెట్ పేరు చూసి కూడా ఆగిపోవడం లేదు, అరగంట గేమ్ ఆడాక వేడెక్కి స్లో అవుతుందా లేదా అని చూస్తున్నాం. కానీ అదే మనం కారు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒకే ఒక్క ప్రశ్న: "ఎంత డ్రాప్ చేయించావ్ బ్రో?" 35 ఎంఎం అంటే సూపర్, 40 ఎంఎం అంటే ఇంకా సూపర్.

నా అభిప్రాయం ముందే సూటిగా చెప్పేస్తా. అనంతపురం లాంటి ప్రాంతంలో రోజూ తిరిగే కారుకి లోయరింగ్ స్ప్రింగ్స్ మీద పెట్టే మొదటి రూపాయి దండగ. ఆ రూపాయి డ్యాంపర్ల మీద, అంటే షాక్ అబ్జార్బర్ల మీద పెట్టండి. అది కూడా కారు ఎత్తు తగ్గించకుండా. ఇది పెద్దవాళ్లు చెప్పే "జాగ్రత్త నాయనా" టైపు సలహా కాదు. కారు వేగంగా, గట్టిగా, నమ్మకంగా మలుపు తిరగాలన్నా ఇదే సరైన దారి అని నా వాదన. ఎందుకో లెక్కలతో సహా చూద్దాం.

మన స్పోర్ట్స్ కార్లు, మన రోడ్లు

మన దగ్గర కుర్రాళ్లు స్పోర్ట్స్ కారు అంటే పోర్షే గురించి మాట్లాడటం లేదు. ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ, హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్, మారుతి స్విఫ్ట్ లాంటివే మన స్పోర్ట్స్ కార్లు. పోలో అమ్మకాలు 2022లో ఆగిపోయినా సెకండ్ హ్యాండ్ మార్కెట్లో దాని క్రేజ్ తగ్గలేదు. ఈ మూడింటికీ సస్పెన్షన్ డిజైన్ ఒక్కటే: ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్, వెనక టోర్షన్ బీమ్. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇంకో విషయం కూడా ఉంది. ఇవి ట్రాక్ బొమ్మలు కావు, ఇంటి కార్లు. శనివారం రాత్రి హైవే ఎక్కిన కారులోనే ఆదివారం పొద్దున నాన్న ముందు సీట్లో, అమ్మ, అమ్మమ్మ వెనక సీట్లో, డిక్కీలో శెనక్కాయల బస్తా పెట్టుకుని ఊరికి పోవాలి.

ఇక రోడ్లు. కార్ల విషయంలో పాత అనంతపురం జిల్లాది విచిత్రమైన పరిస్థితి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ ఉంది. 2019లో సెల్టోస్ అక్కడి నుంచే బయటికొచ్చింది. 2022లో జిల్లాల విభజన తర్వాత పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది, రోడ్లు మాత్రం అవే. గుత్తి, అనంతపురం, పెనుకొండ మీదుగా బెంగళూరు వైపు పోయే 44వ నంబర్ జాతీయ రహదారి నాలుగు లేన్లతో నున్నగా ఉంటుంది. ఆ హైవే దిగి పది కిలోమీటర్లు లోపలికి వెళ్తే కథ వేరే.

తాడిపత్రి, ఉరవకొండ వైపు నల్లరేగడి నేల. వాన పడితే ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది. దాని మీద వేసిన తారు రోడ్డు గుంతలు లేకపోయినా అలలు అలలుగా మారుతుంది. మిగతా చోట్ల ఎక్కువగా ఎర్ర నేల, కంకర రోడ్లు, వాటి మీద బండ్లు తిరిగి తిరిగి ఏర్పడిన సన్నటి గీతల్లాంటి ఎత్తుపల్లాలు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే వాన పడే ఈ మెట్ట ప్రాంతంలో దుమ్ముకి కరువు లేదు. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండకీ కరువు లేదు. సస్పెన్షన్‌కి ఇది ఏడాదంతా జరిగే పరీక్ష.

స్ప్రింగ్ పని ఏంటి, డ్యాంపర్ పని ఏంటి

చాలామంది ఈ రెండింటినీ కలిపి ఒకే వస్తువు అనుకుంటారు. స్ట్రట్‌లో రెండూ ఒకదాని చుట్టూ ఒకటి ఉండటం వల్ల అలా అనిపిస్తుంది. కానీ పనులు పూర్తిగా వేరు.

స్ప్రింగ్ కారు బరువు మోస్తుంది. గుంత తగిలినప్పుడు ఎనర్జీని దాచుకుంటుంది. దాచుకున్నదాన్ని తిరిగి ఇచ్చేస్తుంది కూడా. అంటే ఒట్టి స్ప్రింగ్ మీదే కారు ఉంటే ఒక స్పీడ్ బ్రేకర్ దాటాక ఫర్లాంగు దూరం ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపుని చంపేది డ్యాంపర్. లోపల నూనె ఉంటుంది, పిస్టన్‌లో సన్నటి దారులు, వాటి మీద పల్చటి స్టీలు బిళ్లలు ఉంటాయి. పిస్టన్ కదిలినప్పుడు నూనె ఆ బిళ్లలని తోసుకుని పోవాలి. ఆ కష్టంలో ఊపు కాస్తా వేడిగా మారిపోతుంది. టైరు రోడ్డుని వదలకుండా పట్టుకుని ఉండేలా చూసేది ప్రధానంగా ఈ డ్యాంపరే. టైరు గాల్లో ఉంటే బ్రేక్ లేదు, స్టీరింగ్ లేదు, గ్రిప్ లేదు.

స్ప్రింగ్ ఎంత గట్టిదో చెప్పడానికి ఇంజినీర్లు వాడే కొలత ఫ్రీక్వెన్సీ. కారు బాడీ ఒక సెకనుకి ఎన్నిసార్లు పైకీ కిందికీ ఊగాలని చూస్తుందో ఆ సంఖ్య. మామూలు ఫ్యామిలీ కార్లు 1 నుంచి 1.5 హెర్ట్జ్ మధ్య ఉంటాయి. స్పోర్ట్స్ కార్లు 1.5 నుంచి 2 దాకా పోతాయి. ఊపుని ఎంత త్వరగా ఆపుతుందో చెప్పేది డ్యాంపింగ్ రేషియో. రోడ్డు కార్లకి ఇది 0.25 నుంచి 0.4 వరకు ఉంటే బాగున్నట్టు.

35 ఎంఎం డ్రాప్ అసలు ఖరీదు

ఇప్పుడు అసలు లెక్క. ఒక హ్యాచ్‌బ్యాక్‌లో చక్రం పైకి లేచి బంప్ స్టాప్‌కి తగలడానికి ముందు 80 మిల్లీమీటర్ల ఖాళీ ఉందనుకోండి. మీరు 35 మిల్లీమీటర్లు దించారు. ఇక మిగిలింది 45. ఫర్లేదు, సగానికి పైనే ఉంది కదా అనిపిస్తుంది. కానీ స్ప్రింగ్ మింగగలిగే ఎనర్జీ దూరంతో సమానంగా పెరగదు, దూరం వర్గంతో పెరుగుతుంది. 45ని 80తో భాగించి వర్గం చేస్తే 0.316 వస్తుంది. అంటే అదే గట్టిదనం ఉన్న స్ప్రింగ్ ఇప్పుడు మూడో వంతు కన్నా తక్కువ దెబ్బనే తట్టుకుంటుంది.

లోయరింగ్ స్ప్రింగ్స్ గట్టిగా కూడా ఉంటాయి కదా అంటారు. నిజమే. 30 శాతం గట్టివి అనుకుందాం. 0.316ని 1.3తో గుణిస్తే 0.41. డ్యాంపర్ని, బంప్ స్టాప్‌ని లెక్కలోంచి పక్కన పెడితే, కంపెనీ ఇచ్చిన సామర్థ్యంలో మీ దగ్గర మిగిలింది 41 శాతం. పాత సామర్థ్యం మళ్లీ రావాలంటే స్ప్రింగ్ 30 శాతం కాదు, 3 రెట్లకు పైగా గట్టిగా ఉండాలి. అలాంటి కారులో అమ్మమ్మని కూర్చోబెట్టి ఊరికి తీసుకెళ్లలేరు.

కాబట్టి ఏం జరుగుతుంది? గుంత తగలగానే సస్పెన్షన్ బంప్ స్టాప్ మీద కూర్చుంటుంది. ఆ క్షణంలో స్ప్రింగ్ గట్టిదనం ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరిగినట్టు అవుతుంది. అదే మలుపులో జరిగితే ఆ టైరు గ్రిప్ ఉన్నపళంగా మారిపోతుంది, కారు పక్కకి జారుతుంది. "లో చేయించాక కారు రైల్లాగా పట్టాల మీద పోతోంది" అనే మాట నున్నటి హైవే మీద నిజమే కావచ్చు. వంకర తిరిగిన కదిరి రోడ్డు మీద, వెనక సీట్లో ముగ్గురు, డిక్కీలో బస్తా ఉన్నప్పుడు కాదు. ఆ బరువుకి వెనక భాగం ముందే కొంత కిందికి దిగి ఉంటుంది. మిగిలిన 45లో అది కూడా పోతుంది.

మరి లాభం ఎంత? కారు బరువు కేంద్రం నేలకి 550 మిల్లీమీటర్ల ఎత్తులో ఉందనుకుంటే, 35 దించితే మలుపులో ఒక వైపు నుంచి ఇంకో వైపుకి మారే బరువు సుమారు 6 శాతం తగ్గుతుంది. అంతే. పైగా మెక్‌ఫర్సన్ స్ట్రట్‌తో ఇంకో చిక్కుంది. కారుని దించితే కింది ఆర్మ్‌ల కోణం మారి, రోల్ సెంటర్ అనే బిందువు కారు దిగిన దానికన్నా ఎక్కువగా కిందికి పోతుంది. బరువు కేంద్రానికీ దానికీ మధ్య దూరం తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. అంటే కారు మలుపులో ఇంకా ఎక్కువ ఒరగాలని చూస్తుంది. గట్టి స్ప్రింగ్ చేసే పనిలో కొంత ఈ నష్టాన్ని పూడ్చడానికే సరిపోతుంది. 6 శాతం లాభం కోసం 59 శాతం సామర్థ్యం వదులుకోవడం ఏ స్పెక్ షీట్ ప్రకారం చూసినా మంచి డీల్ కాదు.

స్పీడ్ బ్రేకర్ల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, మధ్యలో 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి, వంపు 17 మీటర్ల వ్యాసార్ధంతో ఉండాలి. రెండున్నర మీటర్ల వీల్‌బేస్ ఉన్న కారు దాని మీద ఉన్నప్పుడు పొట్ట కింద సుమారు 5 సెంటీమీటర్ల ఖాళీ ఉంటే చాలు. కానీ ఊరి మొదట్లో రాత్రికి రాత్రి సిమెంటుతో కట్టిన దిబ్బకి ఈ ప్రమాణాలతో పని లేదు. అది సన్నగా, నిటారుగా 15 సెంటీమీటర్లు ఉందంటే నాలుగు చక్రాల మధ్యకి వచ్చేసరికి ఆ 15 మొత్తం మీ కారు పొట్ట కిందే ఉంటుంది. 165 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ ఉన్న కారు బయటపడుతుంది. 130కి దించిన కారు గీసుకుంటుంది. నూనె సంప్ అక్కడే ఉంటుందని మర్చిపోకండి.

ఒట్టి స్ప్రింగ్ మార్చడం ఇంకా దారుణం

తక్కువ ఖర్చులో అయిపోతుందని చాలామంది చేసే పని ఇదే. పాత డ్యాంపర్లు అలాగే ఉంచి స్ప్రింగ్‌లు మాత్రం మార్చేస్తారు. స్ప్రింగ్ 30 శాతం గట్టిపడితే 1.4 హెర్ట్జ్ ఉన్న కారు 1.6కి పోతుంది. కానీ డ్యాంపర్ పాతదే కాబట్టి డ్యాంపింగ్ రేషియో సుమారు 12 శాతం పడిపోతుంది. గట్టి స్ప్రింగ్ ఎక్కువ బలంతో తన్నుతుంది, దాన్ని ఆపేవాడు మాత్రం పాత బలంతోనే ఉన్నాడు. 60, 70 వేల కిలోమీటర్లు తిరిగి, సీలు దగ్గర నూనె చెమ్మ కనిపిస్తున్న డ్యాంపరైతే ఇంకా ఘోరం.

ఫోన్ భాషలో చెప్పాలంటే, పాత కూలింగ్ ఉన్న బాడీలో కొత్త ఫ్లాగ్‌షిప్ చిప్ పెట్టినట్టు. బెంచ్‌మార్క్‌లో మొదటి రౌండ్ బాగుంటుంది, తర్వాత అంతా థ్రాట్లింగే. ఇది ఉత్త పోలిక కూడా కాదు. డ్యాంపర్ నిజంగానే వేడెక్కుతుంది. కంకర రోడ్డు గీతలు 60 సెంటీమీటర్లకి ఒకటి ఉన్నాయనుకోండి. గంటకి 26 కిలోమీటర్ల వేగంలో సెకనుకి 12 దెబ్బలు తగులుతాయి. చక్రం తనంతట తాను ఎగిరే ఫ్రీక్వెన్సీ 10 నుంచి 15 హెర్ట్జ్ మధ్యే ఉంటుంది. రెండూ కలిశాయంటే చక్రం పిచ్చిపట్టినట్టు ఎగురుతుంది. ఆ ఎగురుడుని ఆపలేక డ్యాంపర్ నూనె వేడెక్కుతుంది, పల్చబడుతుంది, నురగ కడుతుంది. నురగని పిస్టన్ ఎంత తోసినా పట్టు దొరకదు. అందుకే ఊరి రోడ్డు మొదట్లో బాగున్న కారు పదో కిలోమీటర్ దగ్గర పడవలా అనిపిస్తుంది.

కంపెనీలు ఏం చేశాయో చూడండి

నా మాట నమ్మక్కర్లేదు. మన దేశంలో ఫ్యాక్టరీ నుంచే హాట్ హ్యాచ్ చేసిన వాళ్లని చూడండి. 2018లో టాటా మోటార్స్, కోయంబత్తూరుకు చెందిన జయెమ్ ఆటోమోటివ్స్ కలిసి టియాగో జేటీపీ తెచ్చాయి. జయెమ్ అంటే రేసింగ్ కార్లు తయారుచేసిన సంస్థ. వాళ్లకి కారు దించడం రాక కాదు. టర్బో ఇంజిన్‌తో 114 పీఎస్ పవర్ ఇచ్చారు, సస్పెన్షన్ మళ్లీ ట్యూన్ చేశారు. గ్రౌండ్ క్లియరెన్స్ మాత్రం 170 నుంచి 166కి తగ్గించారు. 40 కాదు, 4 మిల్లీమీటర్లు. ఇండియా రోడ్డు మీద అమ్మాల్సిన కారుకి రేసర్లు ఒప్పుకున్న డ్రాప్ అది.

హ్యుందాయ్ కూడా ఐ20 ఎన్ లైన్‌కి సస్పెన్షన్ ట్యూనింగ్ మార్చింది, కానీ కారుని నేలకి అంటించలేదు. మహీంద్రా 2021లో ఎక్స్‌యూవీ700లో ఫ్రీక్వెన్సీ సెలెక్టివ్ డ్యాంపర్లు పెట్టింది. చిన్న చిన్న గతుకుల మీద చక్రం వేగంగా, కొద్దికొద్దిగా కదిలినప్పుడు నూనెకి ఇంకో దారి తెరిచి ఉంటుంది, మెత్తగా పోతుంది. మలుపులో బాడీ నెమ్మదిగా, ఎక్కువగా ఒరిగినప్పుడు ఆ దారి మూసుకుపోయి గట్టిపడుతుంది. సెన్సర్ లేదు, మోటార్ లేదు, అంతా నూనె ఒత్తిడి చేసే పనే. ఒకే వస్తువుతో కంఫర్ట్, కంట్రోల్ రెండూ దొరికాయంటే కారణం స్ప్రింగ్ కాదు, డ్యాంపర్.

సరే, ఏది కొనాలి?

రెండు రకాలు అర్థమైతే చాలు. చాలా కార్లలో వచ్చేది ట్విన్ ట్యూబ్. గొట్టం లోపల గొట్టం, బయటి గొట్టంలో నూనె పైన గ్యాస్. చవక, మెత్తన, కానీ ఎక్కువ సేపు గట్టిగా వాడితే నూనెలో గ్యాస్ కలిసి నురగ కడుతుంది. రెండోది మోనోట్యూబ్. ఒకే గొట్టం, నూనెకీ నైట్రోజన్ గ్యాస్‌కీ మధ్య కదిలే పిస్టన్ అడ్డం. నురగ కట్టదు, నూనె బయటి గోడకే తగులుతుంది కాబట్టి వేడి త్వరగా బయటికి పోతుంది. 1957లో బిల్‌స్టైన్ ఈ గ్యాస్ మోనోట్యూబ్‌ని మెర్సిడెస్ బెంజ్ కోసం తయారీలోకి తెచ్చింది. లోపం కూడా చెప్పాలి: ధర ఎక్కువ, మామూలుగా కొంచెం గట్టిగా ఉంటుంది. పిస్టన్ నేరుగా బయటి గొట్టంలోనే నడిచే రకమైతే, రాయి తగిలి సొట్ట పడితే పిస్టన్ ఇరుక్కుంటుంది.

బిల్‌స్టైన్ పేర్లలో చాలామంది తికమక పడతారు. బీ6 అంటే కంపెనీ ఎత్తుకి సరిపోయేది. బీ8 అంటే దించిన స్ప్రింగ్‌ల కోసం పొట్టిగా చేసినది. మన రోడ్లకి నా ఓటు బీ6 టైపుకే. కోనీ వాళ్ల స్పెషల్ యాక్టివ్ ఇంకో మంచి దారి, అది పైన చెప్పిన ఫ్రీక్వెన్సీ సెలెక్టివ్ పద్ధతిలోనే పనిచేస్తుంది. మీ కారుకి ఇవి దొరక్కపోతే, లేదా బడ్జెట్ లేకపోతే, కంపెనీ ఒరిజినల్ డ్యాంపర్లు నాలుగూ కొత్తవి వేయండి. నవ్వకండి. 70 వేల కిలోమీటర్ల కారుకి కొత్త ఒరిజినల్ డ్యాంపర్లు ఇచ్చే తేడా, చాలా లోయరింగ్ కిట్‌లు ఇచ్చే తేడా కన్నా పెద్దది. మనకి దగ్గర్లో, తెలుగు బాగా వినిపించే హోసూరులోనే గేబ్రియల్ డ్యాంపర్లు తయారుచేస్తుంది. వస్తువు కోసం జర్మనీ దాకా చూడక్కర్లేదు.

డ్యాంపర్ మార్చేటప్పుడు టాప్ మౌంట్, బంప్ స్టాప్, దుమ్ము ఆపే రబ్బరు తొడుగు కూడా కొత్తవి వేయించండి. మన దగ్గర ఆ తొడుగు చాలా ముఖ్యం. అది చిరిగితే ఎర్ర దుమ్ము నేరుగా మెరిసే రాడ్ మీద పడుతుంది, రాడ్ కదిలిన ప్రతిసారీ సీలుని గీస్తుంది. లక్ష రూపాయల డ్యాంపర్ని కొన్ని వందల రూపాయల రబ్బరు చంపేస్తుంది.

మీ ఫోనే టెస్టింగ్ మెషీన్

గ్యాడ్జెట్ ప్రియులకి అసలైన భాగం ఇది. సస్పెన్షన్ బాగుందా లేదా అన్నది ఫీలింగ్‌తో తేల్చక్కర్లేదు. జర్మనీలోని ఆర్‌డబ్ల్యూటీహెచ్ ఆఖెన్ యూనివర్సిటీ వాళ్లు చేసిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ ఉంది. ఫోన్‌లోని యాక్సిలరోమీటర్ రీడింగ్‌ని గ్రాఫ్‌గా చూపిస్తుంది. ఆండ్రాయిడ్ 12 నుంచి ప్రత్యేక పర్మిషన్ లేని యాప్‌లకి సెన్సర్ వేగం సెకనుకి 200 రీడింగ్‌ల దగ్గర ఆగుతుంది. మనకి కావాల్సింది 20 హెర్ట్జ్ లోపలే కాబట్టి అది చాలా ఎక్కువ.

చేయాల్సింది ఇది. ఫోన్‌ని కారు ఫ్లోర్ మీద టేప్‌తో గట్టిగా అతికించండి. డ్యాష్‌బోర్డ్ హోల్డర్ వద్దు, అది తనే ఊగుతుంది. ట్రాఫిక్ లేని రోడ్డు మీద ఒకే స్పీడ్ బ్రేకర్ని ఒకే వేగంతో, గంటకి 20 కిలోమీటర్లతో మూడుసార్లు దాటండి. టైర్లలో గాలి, కారులో మనుషులు మారకూడదు. డ్రైవ్ చేసేవాళ్లు ఫోన్ ముట్టుకోకూడదు, పక్కన ఒకరు ఉండాలి. తర్వాత నిలువు దిశ గ్రాఫ్ చూడండి. వెనక చక్రాలు కూడా దాటాక మిగిలే నెమ్మది ఊపే మనకి కావాల్సింది. డ్యాంపింగ్ రేషియో 0.25 ఉంటే ఒక శిఖరం తర్వాత అదే వైపు వచ్చే శిఖరం అందులో 20 శాతమే ఉంటుంది. అంటే ఒక ఊపు, తర్వాత దాదాపు నిశ్శబ్దం. అదే రెండో శిఖరం సగానికి పైగా ఉంటే రేషియో 0.1 దగ్గరికి పడిపోయినట్టు. డ్యాంపర్ రిటైర్మెంట్ వయసుకి వచ్చేసింది. ఇది ల్యాబ్ రిపోర్ట్ కాదు, కానీ అప్‌గ్రేడ్‌కి ముందూ తర్వాతా పోల్చుకోవడానికి మాత్రం చాలా బాగా పనికొస్తుంది.

ఇంకో చిట్కా. మనిషి శరీరానికి నిలువు దిశలో 4 నుంచి 8 హెర్ట్జ్ మధ్య కుదుపులు అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెడతాయి. యాప్‌లో స్పెక్ట్రమ్ గ్రాఫ్ తీసి ఆ భాగం చూడండి. అప్‌గ్రేడ్ తర్వాత అక్కడ గ్రాఫ్ బాగా పైకి లేచిందంటే మీకు స్పోర్టీగా అనిపించేది వెనక సీట్లో అమ్మమ్మకి నడుం నొప్పి.

చట్టం, ఇన్సూరెన్స్, కెమెరా

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకీ ఆర్‌సీలోని వివరాలకీ తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు లేదా రెండూ అని పెట్టారు. వాహనం నిర్మాణంలో, దాని మౌలిక లక్షణం మారిపోయేలా చేసే మార్పునే చట్టం ఆల్టరేషన్ అంటోంది. అరిగిపోయిన డ్యాంపర్ని అదే ఎత్తుకి సరిపోయే డ్యాంపర్తో మార్చడాన్ని రిపేర్ అని వాదించొచ్చు. పొట్ట నేలకి తగిలే కారు పక్కన నిలబడి ఆ మాట అనడం కష్టం. ఏం మార్చినా ఇన్సూరెన్స్ కంపెనీకి ముందే ఈమెయిల్‌లో చెప్పి జవాబు దాచుకోండి.

కొత్త కార్లలో ఇంకో లింక్ ఉంది. అడాస్ ఉన్న కారుకి అద్దం వెనక కెమెరా ఒక నిర్ణీత ఎత్తు నుంచి, ఒక నిర్ణీత కోణంలో రోడ్డుని చూస్తుంది. ఎత్తు మార్చితే దాన్ని మళ్లీ కాలిబ్రేట్ చేయించాలి. హెడ్‌లైట్ల కోణం కూడా మారుతుంది. ఎత్తు మార్చకుండా డ్యాంపర్లే మారిస్తే ఈ తలనొప్పి చాలావరకు ఉండదు, వీల్ అలైన్‌మెంట్ మాత్రం తప్పనిసరి.

"మా డబ్బు, మా ఇష్టం" అనేవాళ్లకి

ఎదురు వాదనలో న్యాయం ఉంది. కారు దించితే చూడ్డానికి బాగుంటుంది, ఎవరు కాదన్నా అది నిజం. చక్రానికీ ఫెండర్‌కీ మధ్య ఖాళీ తగ్గితే కారు కళే మారిపోతుంది. కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేకో, చెన్నై ట్రాక్‌కో ఏడాదికి నాలుగుసార్లు తీసుకెళ్లే కారైతే, ఇంట్లో ఊరికి పోవడానికి ఇంకో బండి ఉంటే, మంచి కాయిలోవర్ కిట్ వేసుకోండి. నేను కూడా చప్పట్లు కొడతా. అక్కడ రోడ్డు నున్నన, గుంత రాదు, 45 మిల్లీమీటర్లు సరిపోతాయి.

కానీ ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క కారుకి, నెలనెలా జీతంలోంచి ఈఎమ్‌ఐ కట్టే కారుకి, రీల్‌లో చూసిన కిట్ వేయించడం వేరు. ఆ రీల్ తీసిన చోట నల్లరేగడి రోడ్డు ఉండదు, శెనక్కాయ బస్తా ఉండదు. 44వ నంబర్ హైవే మీద కూడా కార్లకి కేంద్రం 2018లో పెట్టిన గరిష్ఠ పరిమితి గంటకి 100 కిలోమీటర్లే. ఆ వేగంలో, అడ్డంగా వచ్చిన గేదె కోసం లేన్ మారాల్సి వస్తే మిమ్మల్ని కాపాడేది ఆరోగ్యంగా ఉన్న డ్యాంపర్, మంచి టైరు. 35 ఎంఎం డ్రాప్ కాదు.

నా లిస్ట్ వరస ఇది. మొదట మంచి టైర్లు, వాటిలో సరైన గాలి. తర్వాత అరిగిన బుష్‌లు, మౌంట్లు. మూడోది కంపెనీ ఎత్తుకే సరిపోయే మంచి డ్యాంపర్లు నాలుగూ. ఈ మూడూ అయ్యాక వెయ్యి కిలోమీటర్లు తిరగండి, ఫోన్‌తో కొలవండి. అప్పటికీ కారు మలుపులో ఎక్కువ ఒరుగుతోందని గ్రాఫ్ చెప్తే, ఎత్తు పెద్దగా తగ్గించని, కొద్దిగా గట్టి స్ప్రింగ్‌ల గురించి ఆలోచించండి. చాలామందికి ఆ నాలుగో మెట్టు ఎక్కాల్సిన అవసరమే రాదు. వచ్చినా, అప్పటికి వర్క్‌షాప్ వాళ్లు చూపించే స్టాన్స్ ఫొటో బదులు "బంప్ ట్రావెల్ ఎంత మిగులుతుంది అన్నా?" అని మీరే అడుగుతారు. దానికి అంకెతో జవాబు చెప్పగలిగిన చోటే కారు తాళం ఇవ్వండి.